చేపల బండి మీద నిలువెత్తు బొమ్మ

ఇబ్రహీంపట్నం,
అక్టోబర్ 11.

బిడ్డా పూజితా,

నువ్వు పైలంగ బడికి చేరినవని మీ బాపు చెప్పిండు. మేమంత మంచిగనే ఉన్నం. మీ గురుకులంల ఫోన్లు ఉంచనియ్యరు. ఆదివారం లైన్ల నిలబడి మాట్లాడుదామంటే అయిదు నిమిషాలకే ఎనకున్న పిల్ల ఫోను గుంజుకుంటది. ఇది అయిదు నిమిషాలల్ల ఒడిసే ముచ్చట కాదు. అందుకే కాయితం పట్టిన. మీ అత్త ఏడో తరగతి దాక చదివింది, సంఘంల రాసుడంత నాదే, అయినా నా అక్షరాలు కోడి గెలికినట్టే ఉంటయి. నవ్వకు.

సంగతేందంటే, మన ఆడోళ్ల చేపల సంఘానికి బండి వచ్చింది. వేపుడు బండి! ఇన్నేండ్లు గంపలల్ల పచ్చి చేపలు అమ్మినం, ఇగ వేపి అమ్ముతం. బొంగులూరు కాడ రింగు రోడ్డు దిగంగనే నిలబెట్టుకునే జాగ కూడ దొరికింది. కార్తీక మాసంల చానమంది చేపలు ముట్టరు కదా, అందుకే కార్తీకం పోయినంక వచ్చే మొదటి ఆదివారం మొదలువెడుదామనుకున్నం.

బండి మొత్తం తెల్లగ ఉన్నది, దవాఖాన బండి లెక్క. దాని మీద ఒక బొమ్మ ఉండాలె అని మా సంఘం పెద్ద శ్యామలమ్మ అన్నది. అందరం కలిసి ఫ్లెక్సీలు చేసే శ్రీపాల్ కాడికి పోయినం. ఆయన కంప్యూటర్ల ఒక బొమ్మ తీసి చూపిచ్చిండు. ఏమున్నదనుకున్నవ్? నడుము దాక సున్నం ఏసినంత తెల్లటి పిల్ల, నడుము కింద చేప తోక! "కాళ్లు లేని మనిషి గంప ఎత్తుకోని ఎట్ల తిరుగుతది శ్రీపాలూ?" అని అడిగిన. "గిది ఫ్యాషన్ అక్కా" అన్నడు. "ఏం ఫ్యాషన్రా, గీ పిల్లను కోసి వేపుతున్నమనుకుంటరు" అని శ్యామలమ్మ తిట్టింది.

గప్పుడు నా నోరు ఊకుంటదా! "మా తమ్ముని బిడ్డ వేస్తది బొమ్మ, మనసొంటి మనిషినే వేస్తది" అన్న. శ్యామలమ్మ నన్ను కింది నుంచి మీది దాక చూసి, "చిన్నపిల్లతోని ఏమైతది కాశమ్మా, సరే, కార్తీకం ఒడిసే లోపల రాకపోతే మాత్రం తోకపిల్లనే అంటిస్తం" అన్నది. పది మంది ముందట అన్నది. నా ఇజ్జత్ నీ చేతుల పెట్టిన బిడ్డా. జల్ది పంపు.

నీ అత్తమ్మ,
కాశమ్మ


మహేశ్వరం,
అక్టోబర్ 16.

ప్రియమైన అత్తమ్మా,

నీ ఉత్తరం నాకంటే ముందు మా గదిలో పన్నెండు మంది చదివేశారు. తోకపిల్ల దగ్గరికి వచ్చేసరికి అందరూ మంచాల మీద పడి దొర్లారు. వార్డెన్ వచ్చి ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

నువ్వు ఫికర్ చేయకు. ఈ బడిలో బొమ్మలంటే నేనే. వంటావిడ ముఖం, లెక్కల సార్ ముఖం, గేటు దగ్గరి తాత ముఖం, అన్నీ వేశాను. చూసినవాళ్లు ఎవరిదో పేరు చెప్పకుండానే గుర్తుపట్టారు. సార్ కూడా గుర్తుపట్టారు, అదే కొంచెం ఇబ్బంది అయింది.

నీ ముఖం ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఇందులోనే పెట్టి పంపుతున్నాను. సంఘంలో చూపించు. మా డ్రాయింగ్ మేడం రుక్మాబాయి గారికి బండి సంగతి చెప్పాను. ఆమె చాలా సంతోషపడి, "తలకాయ ఒక్కటి చాలదు పూజితా. బండికి నిలువెత్తు బొమ్మ కావాలె. అది కూడ రోజు ఏసుకునే బట్టలల్ల ఉండాలె. గప్పుడే చూసినోళ్లు మనిషి అనుకుంటరు, లేకుంటే బొమ్మ అనుకుంటరు" అన్నారు.

కాబట్టి అత్తమ్మా, నీ నిలువెత్తు ఎంతో చూసి రాయి. అందాజాగా రాయొద్దు, సరిగ్గా చూసి రాయి. చేపలమ్మేటప్పుడు రోజూ ఏం వేసుకుంటావో కూడా రాయి. పుట్టినప్పటి నుంచి నిన్ను చూస్తున్నాను కానీ పెన్సిల్ పట్టుకుంటే ఒక్కటీ సరిగ్గా గుర్తుకు రావడం లేదు. చెప్పులు ఏ రంగువో కూడా తెలియలేదు, నాకే సిగ్గేసింది.

నీ కోడలు,
పూజిత


ఇబ్రహీంపట్నం,
అక్టోబర్ 22.

బిడ్డా,

ముందుగాల ఒక్క మాటకు జవాబు చెప్పు. ఏం మొక్కినవే నువ్వు?

"నీ నిలువెత్తు ఎంతో చూసి రాయి" అని చదవంగనే చేతిల పని ఇడిసిపెట్టి కూసున్న. మేడారం జాతర దగ్గరికొచ్చింది. ఈ పిల్ల నా పేరు మీద నిలువెత్తు బంగారం మొక్కుకున్నది, నా బరువుకు సరిపోను బెల్లం తల్లులకు ఇస్తనన్నది, ఎందుకు మొక్కింది, నాకేమన్న రోగమున్నదని దీనికి ఎవరన్న చెప్పిండ్రా అని పరేషానైన. మీ బాపును పట్టుకోని అడిగిన. "నాకేం ఎర్క అక్కా, మొక్కితే మొక్కనీ, బెల్లమే కదా" అన్నడు. వాడెప్పుడు గట్లనే.

మొక్కినంక తప్పుతదా? చేపలు జోకే కాంటా మీద ఎక్కి కూసున్న. అరువై తొమ్మిది కిలోలు. తడి చీరతోని, చెప్పులు ఇడిసి. నన్ను చూసి సంఘమోళ్లంత మేం కూడ జోకుకుంటమని ఎగవడ్డరు. శ్యామలమ్మ ఎక్కింది. ఎంతొచ్చిందో రాయను, రాస్తే నన్ను చంపుతది. దిగి, "కాంటా ఖరాబయింది" అన్నది. "పదేండ్ల సంది గదే కాంటా మీద అమ్ముతున్నవ్ కదనే" అన్న. ఇగ మూడు దినాలు నాతోని మాట్లాడలే.

నువ్వు వేసిన ముఖం మస్తున్నది. అందరికి నచ్చింది. నచ్చింది గాని ఎవరి పంచాయతి వాళ్లదే. ఒకామె ముక్కుపుల్ల కుడి దిక్కు పెట్టుమంటది, ఒకామె తన గదుమ మీది పుట్టుమచ్చ బొమ్మల ఎందుకు లేదంటది. శ్యామలమ్మ మూతి ముడుచుకోని ఉండి, నాలుగోనాడు వచ్చి "కండ్లు మాత్రం నా తీరుగనే వేసింది" అని చెప్పి పోయింది. నేను అవునన్న.

బట్టల ముచ్చట. పట్టుచీర వెయ్యాలె అని సంఘంల అందరం అనుకున్నం. ఎర్ర చీర, పచ్చ అంచు, మెడల గుండ్లు. రోజు ఏం ఏసుకుంటవని అడిగినవ్. రోజు ఏదో ఒకటి ఏసుకుంటం, దాని ముచ్చట ఎందుకు బిడ్డా.

నీ అత్తమ్మ,
కాశమ్మ


మహేశ్వరం,
అక్టోబర్ 28.

అత్తమ్మా, అత్తమ్మా,

నేను ఏమీ మొక్కలేదు! నిలువెత్తు అంటే తల నుంచి కాలి గోటి దాకా నిలబడ్డ మనిషి అని. నువ్వెంత పొడుగున్నావో అడిగాను, ఎంత బరువున్నావో కాదు. నీ ఉత్తరం మేడంకు చదివి వినిపిస్తే ఆమె కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "అరువై తొమ్మిది కిలోల బొమ్మ వెయ్యి ఇగ" అని రోజూ ఏడిపిస్తున్నారు.

ఇప్పుడు నేను కూడా ఒక నిజం చెప్పాలి. పోయిన ఉత్తరంలో చాలా గొప్పలు పోయాను. అత్తమ్మా, నాకు ముఖాలు తప్ప ఏమీ రావు. మెడ కింద ఎప్పుడూ వేయలేదు. ఎవరి బొమ్మ వేసినా మెడ దగ్గర ఒక గోడో, బర్రెనో అడ్డం పెట్టేస్తాను. నీ బొమ్మకు కాళ్లు వేయబోతే మొదటిసారి రెండూ ఎడమ కాళ్లే వచ్చాయి. రెండోసారి నువ్వు గాలిలో ఉన్నావు. ఏడుపొచ్చింది. నీ ఇజ్జత్ పోతుందని భయమేసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు మేడం కూర్చోబెట్టి నేర్పించారు. ముందు ఒక గీత గీయాలట, మనిషి ఎటు వంగి నిలబడిందో చెప్పే గీత. తర్వాత తలను కొలతగా పెట్టుకుని కిందికి లెక్కపెట్టుకుంటూ పోవాలి. నిజం మనిషి ఏడు తలల పొడుగు ఉంటుంది, కార్టూన్ మనిషి మూడున్నర తలలే. అందుకే ముద్దుగా ఉంటుంది. బట్టలు అన్నిటికంటే ఆఖరున వస్తాయి. నువ్వు చెప్పినట్టే పట్టుచీర కట్టాను. మేడం చూసి, "ఈమె చేపలమ్మపోతున్నదా, పెండ్లికి పోతున్నదా? ఈ చీరెతోని నూనె బాండి కాడ నిలబడుతదా?" అని అడిగారు. నేను ఆ బొమ్మ పక్కన పెట్టేశాను.

ఆ తర్వాత కళ్లు మూసుకుని దసరా సెలవుల్లో నిన్ను చూసింది గుర్తు చేసుకున్నాను. చీర కుచ్చిళ్లు పైకెత్తి నడుముకు చెక్కుకుంటావు. నెత్తి మీద తువాల. చీర మీద మామ అంగి. నీలి గళ్ల అంగి, ఎండకు, చేప పొలుసులకు అడ్డంగా. బుగ్గయ్య మామ పోయి మూడేళ్లయింది కదా, ఈ మూడేళ్లలో ఆయన అంగి లేకుండా నువ్వు బజారుకు పోవడం నేను చూడలేదు. మరి అడిగితే ఎందుకు రాయలేదు?

అంగితోనే వేసి పంపుతున్నాను. ఈసారి కాళ్లు నేల మీదే ఉన్నాయి.

నీ కోడలు,
పూజిత


ఇబ్రహీంపట్నం,
నవంబర్ 2.

పూజితా,

బొమ్మ అందింది. అంగి తీసెయ్యి.

రింగు రోడ్డు మీద కార్లల్ల పోయేటోళ్లు చూస్తరు. మొగోని అంగి ఏసుకున్న ఆడిదాన్ని చూసి నవ్వుతరు. సంఘమోళ్లు కూడ ఒప్పుకోరు. నేను వాళ్లకు చూపియ్యనే లేదు. పట్టుచీరనే వెయ్యి. ఇంకేం లేదు.

కాశమ్మ

మల్ల: ఊకె నేర్చుకునేతందుకు అంగి వేస్తవేమో, వేస్తే సరిగ్గ వెయ్యి. గుండీలు ఎడమ దిక్కు పెట్టినవ్. మొగోళ్ల అంగికి గుండీలు కుడి దిక్కు ఉంటయి, కాజాలు ఎడమ దిక్కు. మూడో గుండీ తెల్లది కాదు, నల్లది. తెల్లది ఊడిపోతే మీ మామ చెరువు గట్టు మీద కూసోని వల అల్లే దారంతోని తనే కుట్టుకున్నడు. నేను కుడుతనంటే ఇయ్యలే. "నీ కుట్టు నెల ఉంటది, నా కుట్టు చూడు" అన్నడు. అది ఇంకా ఊడలే. చేతులు నాకు పొడుగు, రెండు మడతలు పెడుత. ఆయన ఒక్కటే మడత పెట్టేటోడు. కాలరు ఎనక చినిగితే ఇప్పి, తిప్పి కుట్టిన, అందుకే కాలరు రంగు మిగిలిన అంగి కంటే జర ముదురు ఉంటది. జేబు అడుగుకు చిన్న బొక్క ఉన్నది, బీడీ నిప్పు పడ్డది, మినప గింజంత. అండ్ల నా ఏలు పెట్టి "గిట్ల కాల్చుకోని సస్తవా" అని తిట్టేదాన్ని. నీలి గళ్లు అన్నవ్, ఉత్త నీలి కాదు, నీలి గీతల నడుమ సన్నగ పసుపు గీత ఉంటది, దగ్గరికొచ్చి చూస్తేనే కనవడుతది.

ఇవన్ని నీకు తెల్వాలె అని రాసిన, అంతే. బండికి పట్టుచీరనే.


మహేశ్వరం,
నవంబర్ 10.

అత్తమ్మా,

నీ ఉత్తరంలో వద్దు అన్నది నాలుగు ముక్కలు. అంగి గురించి పేజీ నిండా. నేను తొమ్మిదో తరగతి, నాకు చదవడం వచ్చు.

నిన్న రెండో ఆదివారం కదా, తల్లిదండ్రులను రానిచ్చే రోజు, బాపు వచ్చాడు. నేను అడిగాను. "మీ మామయి ఆరు అంగీలుండె బిడ్డా. అక్క ఒక్కొక్కటి ఏసుకోని ఏసుకోని అయిదు చినిగిపోయినయి. గిది ఆఖరుది. దాన్ని ఎవరన్న ముట్టుకుంటే కూడ ఊకోదు" అన్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. బాపు కంగారుపడి తెచ్చిన అరిసెలన్నీ ఒకేసారి నా చేతిలో పెట్టాడు.

తర్వాత బాపు మీద ఒక అన్యాయం చేశాను. అంగి ముడతలు మోచేతి దగ్గర ఎట్లా పడతాయో చూడాలని ఆయన ఒంటి మీది అంగి విప్పించి మా గదిలోని శోభకు తొడిగాను. శోభ అన్నం బేసిన్ ఎత్తుకుని నిలబడింది, వంగింది, నడుము మీద చేయి పెట్టింది. నేను వేస్తూనే ఉన్నాను. బాపు గంటసేపు బనీను మీద చింతచెట్టు కింద కూర్చున్నాడు. వచ్చిన తల్లిదండ్రులంతా పలకరిస్తుంటే, "మా బిడ్డ చదువుకుంటున్నది" అని చెప్పాడు.

మేడం ఒక మాట చెప్పారు. ముడత అనేది బట్టలో ఉండదట, పనిలో ఉంటుందట. ఏ పని చేస్తే అక్కడ ముడత పడుతుంది. అందుకే పట్టుచీర బొమ్మలో ఒక్క ముడత కూడా రాలేదు, అంగి బొమ్మలో ఎక్కడ చూసినా వచ్చాయి.

రెండు బొమ్మలూ పంపుతున్నాను. ఒకటి పట్టుచీర, మీ సంఘం అడిగినట్టే, పచ్చ అంచుతో. ఇంకొకటి అంగి. గుండీలు కుడి వైపే. మూడోది నల్లది. గదుమ మీద పుట్టుమచ్చ కూడా పెట్టాను. నేను ఏదీ బలవంతం చేయను. కానీ అంగి వేస్తుంటే మామ గుర్తొచ్చాడు, చెరువులో తెప్ప మీద నన్ను కూర్చోబెట్టుకున్నది గుర్తొచ్చింది, నాకు చాలా సంతోషమేసింది. అది నీకు చెప్పాలనిపించింది. శ్రీపాల్ తోకపిల్లను ప్రింటు తీసి సిద్ధంగా పెట్టాడని బాపు చెప్పాడు. పది రోజులే ఉన్నాయి. ఏదో ఒకటి చూపించు అత్తమ్మా.

నీ పూజిత


ఇబ్రహీంపట్నం,
నవంబర్ 15.

బిడ్డా పూజితా,

మొన్న మీటింగు అయింది. మార్కెట్ల చేపలమ్ముడు అయినంక ఆడనే షెడ్డు కింద కూసున్నం. శ్రీపాల్ కూడ వచ్చిండు, తోకపిల్లను చుట్ట చుట్టుకోని సంకల పెట్టుకోని.

నేను పట్టుచీర బొమ్మ తీసి చూపిచ్చిన. రెండోది మడిచి రైకల పెట్టుకున్న. అందరు మంచిగున్నది, మంచిగున్నది అన్నరు. శ్యామలమ్మ చేతుల పట్టుకోని దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. "అంత బాగనే ఉన్నది గాని, ఎవరే ఈమె?" అని అడిగింది. "మన ఇండ్లల్లకు బోనాలకు వచ్చిన సుట్టం తీరుగున్నది" అన్నది ఒకామె. శ్రీపాల్ గొంతు సవరించుకోని చుట్ట ఇప్పబోయిండు.

ఇగ నాకు ఆగలే. రైకలకెళ్లి రెండో బొమ్మ తీసిన. అందరు ముందుకొంగి చూసిండ్రు. మెల్లగ శ్యామలమ్మ, "మొగోళ్ల అంగి వద్దు కాశమ్మా, అందరు నవ్వుతరు" అన్నది. "అవ్, వద్దు వద్దు" అని అందరు అన్నరు. గప్పుడు నేను తలకాయ ఎత్తి చూసిన. వద్దన్న ఒక్కొక్కరిని చూసిన. శ్యామలమ్మ ఒంటి మీద కొడుకు గీతల అంగి. పక్కామె ఒంటి మీద మొగని ఖాకీ అంగి. పదకొండు మందిమి పదకొండు అంగీలు ఏసుకోని కూసోని, అంగి వద్దంటున్నం!

"ఒక్కపారి మీ మీద మీరు చూసుకోండ్రి" అన్న. అందరు కిందికి చూసుకున్నరు. ముందు ఒకామె కిసుక్కుమన్నది, ఇగ నవ్వుడే నవ్వుడు. శ్యామలమ్మ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.

నవ్వు ఆగినంక నేను చెప్పిన. "నవ్వులాట కాదు. అది మా ఆయన అంగి, ఆఖరుది. మీకు ఇష్టం లేకుంటే వద్దు. కాని నాకు కావాలె. గీ బొమ్మనే బండి మీద నిలబడాలె అని నాకు ఉన్నది" అన్న. ఇంతమంది ముందట నాకోసం నేను ఏదన్న అడుగుడు అదే మొదలు.

శ్యామలమ్మ నన్ను తిట్టింది. "గా ముక్క ఎప్పుడో చెప్పక ఇన్నొద్దులు కడుపుల పెట్టుకోని కూసున్నవా? మనిషివానే నువ్వు?" అన్నది. అని నా చెయ్యి పట్టుకున్నది. పట్టుకోని ఇడువలే. జర సేపయినంక, "మరి గళ్లదే ఎందుకు, నాది గీతల అంగి కదా, నాది పెట్టొచ్చు కదా" అని అడిగింది చూడు, గది శ్యామలమ్మ అంటే.

శ్రీపాల్ తోకపిల్లను మల్ల చుట్టుకున్నడు. నీ బొమ్మను మనిషంత పెద్దగ చేసి బండికి అంటిస్తనన్నడు. "జర తెలుపు చేద్దామా అక్కా, కలరు కొట్టొస్తది" అని అడిగిండు. "చేసి చూడు, నిన్ను వేపుతం" అన్నం. ఒక్కరం కాదు, అందరం అన్నం.

నీ అత్తమ్మ,
కాశమ్మ


మహేశ్వరం,
నవంబర్ 19.

అత్తమ్మా!!

నీ ఉత్తరం పట్టుకుని మేడం గదికి పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. మేడం చదివి నన్ను దగ్గరికి తీసుకున్నారు. తర్వాత, ఎడమ చేయి ఇంకా కొంచెం పొట్టిగా ఉంది, అది వచ్చే బొమ్మలో చూసుకోమన్నారు. ఆమె అంతే.

ఆదివారం మాకు పరీక్ష ఉంది, పంపించరు. నువ్వే నా కళ్లు అనుకో. ఎవరెవరు వచ్చారు, ఏం అన్నారు, ఎవరు ఎవరిని తిట్టారు, అంతా రాయి. ముఖ్యంగా, బండి పక్కన నిలబడితే నీకు ఎట్లా అనిపించిందో రాయి. అది దాచిపెట్టొద్దు. ఈ ఒక్కసారికి.

నీ పూజిత


ఇబ్రహీంపట్నం,
నవంబర్ 25.

బిడ్డా పూజితా,

ఆదివారం పొద్దుగాల పది కొట్టేవరకు బండి బొంగులూరుల నిలబడ్డది. కొబ్బరికాయ శ్యామలమ్మ కొట్టింది. మొదటి వాయ మాడిపోయింది. మంట అంత పెద్దగ ఎవరు పెట్టిండ్రో చెప్పను, అది నేనే. రెండో వాయకు కుదిరింది. మాపటికల్ల కొరమీను ఒక్క ముక్క మిగులలే. కార్తీకమంత ఉపాసమున్నోళ్ల లెక్క ఎగవడి తిన్నరు జనం.

ఒక కారు ఆగింది. అండ్లకెళ్లి ఒకామె చిన్న బిడ్డను ఎత్తుకోని దిగింది. ఆ బిడ్డ చేపలు చూడలే, బొమ్మనే చూసింది. తల్లి నవ్వుకుంట, "బొమ్మల ఉన్నామె మీల ఎవరు?" అని అడిగింది. ఇగ చూడు! ముక్కు నాదంటది ఒకామె, గదుమ మీద పుట్టుమచ్చ నాదంటది ఒకామె, నడుము మీద చెయ్యి పెట్టి నిలబడ్డ తీరు నాదే అని శ్యామలమ్మ గట్లనే నిలబడి చూపిచ్చింది. వేపుడు ఇడిసిపెట్టి అందరు కొట్లాడుతున్నరు. నన్ను చూసి, "మరి మీదేముంది?" అని అడిగింది ఆమె. "అంగి" అన్న.

ఎట్ల అనిపిచ్చిందో రాయమన్నవ్. దాచుకోను, రాస్త. అంగి వద్దని నీకు రాసినప్పుడు, నవ్వుతరని రాసిన. అది సగమే. ఆ అంగి మోచేతుల కాడ పలచబడ్డది. ఇంకో రెండు ఉతుకులకు చినుగుతది. చినిగిననాడు నేను ఏమైపోత అని రోజు భయపడుకుంటనే ఏసుకున్న. రేపు బొమ్మల కూడ దాన్ని చూస్తే, లేని మనిషే యాదికొస్తడు అనుకున్న. కాని బండి పక్కపొంటి నిలబడి చూస్తే గట్ల కాలే. నా మనసు నిండుగ ఉండె. ఇంత పెద్దగ, ఇంత మంది ముందట, మీ మామ కుట్టుకున్న నల్ల గుండీ కూడ కనవడుతున్నది. మస్తు సంతోషమైంది బిడ్డా. ఇంతకంటే మంచిగ రాయరాదు నాకు.

నిన్న ఆ అంగిని ఉతికి, నీడకు ఆరేసి, మడిచి సందుగుల పెట్టిన. ఇగ ఏసుకోను.

కాని బండి కాడ నూనె చిట్లుతది, చీర ఖరాబైతది. అంగి లేకుంటే నడువది. ఇయ్యాల హయత్‌నగర్ బస్సెక్కి పోయిన. బట్టల దుకాణంల మొగోళ్ల అంగీల దిక్కు నిలబడి ఒక్కొక్కటి చేతుల పట్టుకోని చూస్తుంటే దుకాణపాయన వచ్చిండు. "ఎవరికమ్మా? మీ సారుకా, కొడుకుకా? సైజు చెప్పుండ్రి" అని అడిగిండు.

"నాకే" అన్న.

నీ అత్తమ్మ,
కాశమ్మ